ఎనిమిది జానల తెర

సెప్టెంబరు 14, ఆదివారం.
బట్టలు ఉతకడం, అలమరా సర్దడం, ముందుగది తెర కుట్టడం అయ్యాయి.

చెల్లీ,

ఆ తెర దగ్గరే తేడా వచ్చింది. ఎప్పటిలా ఎడమచేత్తో ఎనిమిది జానలు కొలిచి కుట్టాను. తగిలిస్తే నేలమీద పాకుతోంది. పోయిన నెల ఇదే చేత్తో ఎనిమిది జానలు కొలిచి కుట్టిన పక్కగది తెరను మళ్ళీ కొలిస్తే, ఇప్పుడు ఏడే వచ్చింది. అప్పుడు నా చెయ్యి చూసుకున్నాను.

చిన్నప్పుడు నువ్వు తలుపేసి తెంపిన నా చిటికెనవేలి కొస, మీ ప్రయోగశాలలో నువ్వు వేసిన సూదిమందుతో తిరిగి మొలిచిందని ఎంత మురిసిపోయాం! "ఎముకను పెంచే ప్రొటీన్ అక్కా. కణాలకు పెరగమని కబురు చెబుతుంది, అంతే. పనయ్యాక అవే ఊరుకుంటాయి," అన్నావు.

ఊరుకోలేదు. వేలికి నాలుగో కణుపు తేలింది. మీ బావ "పోనీలే, అటకమీద డబ్బా అందుతుంది," అని నవ్వారు. మధ్యాహ్నం పడుకునేటప్పుడు మాత్రం మంచం అంచుకు జరిగిపోయారు.

సాయంత్రం పిండి కలుపుతుంటే, నేను వంచకుండానే ఆ వేలు వంగి నా మణికట్టును తడిమింది. అది తడిమినచోట చర్మం కింద గింజంత గట్టిగా ఏదో ఉంది.

నీకు చెడ్డపేరు వస్తుందని ఏ డాక్టరుకూ చూపించలేదు. ఆగమని చెప్పే కబురు కూడా నీ దగ్గరుంటే వెంటనే తీసుకురా. లేకపోతే లేదని రాసెయ్, వేలు తీయించుకుంటాను.

తలుపు వేసినందుకు నువ్వు నాకు పడ్డ బాకీ తీరిపోయింది. అంతకుమించి ఇచ్చింది మాత్రం వచ్చి వెనక్కి తీసుకో.

నీ అక్క