మిల్లు తాళాలు

మిర్యాలగూడ

శశిధర్ మామకు నమస్కారాలు.

నిన్న మా సంస్థ పెట్టిన మూర్ఛ అవగాహన సభకు ముఖ్య అతిథిగా వచ్చి మమ్మల్ని ధన్యులను చేశారు. "ఫిట్స్ వచ్చినోళ్ల చేతిలో తాళాలు పెట్టొద్దు, పక్కకు తిప్పి పండుకోబెట్టాలె" అని నేను రాసిచ్చిన ముక్కలు ఎంత బాగా చదివారు! చప్పట్లు ఆగకముందే, మీ మిల్లు వాకిట్లో వడ్లు ఊడ్చే జమ్లీ ముందు వరుసలో పడిపోయింది. మీరు వేదిక దిగి పరుగెత్తి, "జరగుండ్రి! ఇనుము పట్టుకుంటే ఫిట్స్ ఖతం అయితది" అంటూ మిల్లు తాళాల గుత్తి ఆమె గుప్పిట్లో పెట్టారు. కాసేపటికి దానంతటదే తగ్గిన ఫిట్స్‌కు మీ తాళాలే మందని ఇప్పుడు ఊరంతా చెప్పుకుంటోంది. మా ఏడాది కష్టం ఒక్క దెబ్బకు తీర్చేశారు.

సాయంత్రమే "ఇగ పనికి రాకు, యాడ పడ్తవో ఏమో" అని ఆమెకు ఫోన్ చేశారట. ఆమె ఊడ్చే వాకిట్లో మిషన్లే లేవు. అయినా మామా, ఇనుమే మందైతే, అడుగడుగునా ఇనుమున్న మీ మిల్లు కంటే మంచి దవాఖాన ఆమెకెక్కడ దొరుకుతుంది?

పొద్దున్నుంచి తాళాలు వెతికిస్తున్నారని విన్నాను. ఫోటోలు దిగే హడావిడిలో ఆమె గుప్పిట్లోనే మరచిపోయారు. ఈ ఉత్తరంతో పాటు జమ్లీకే ఇచ్చి పంపుతున్నాను.

గేటు తనే తీస్తుంది.

మీ మేనకోడలు