ప్రార్థన పాక కాల్చింది నేనే

ములకలపల్లి మండలం ఇప్పగుంపు కాపురస్తుడిని, రిటైర్డ్ లారీ డ్రైవరును, సంఘ పెద్దను, అరవై ఎనిమిదేళ్ల బెంజమిన్‌ను. మతి స్థిమితంగా ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా, పొద్దుటి నుంచి సారా కూడా ముట్టకుండా రాస్తున్న వీలునామా ఇది.

1. ఇల్లు, రెండు ఆవులు నా భార్య విశ్రాంతమ్మవి. నలభై ఏళ్లు నా గురక భరించింది. పరలోకంలో ఆమెకు వేరే గది ఇవ్వాలని దేవునికి సిఫారసు చేస్తున్నాను.

2. మోపెడ్ కొడుకు షాలేమ్‌రాజుది. దాన్ని అమ్మి మందిరానికి మైకు సెట్టు కొనకూడదు. మన దేవునికి చెవుడు లేదు.

3. వాగు పక్కనున్న నా ఎకరం దూలయ్యది. ఎందుకో చెప్పాలి.

1986 గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం. సిలువ ఏడు మాటల మీద ఏడు ప్రసంగాలు. నాలుగో మాటకు నా ఓపిక అయిపోయింది. పాక వెనక్కి వెళ్లి బీడీ కాల్చి, ఎండుగడ్డిలో పారేశాను. తాటాకు పాక భగ్గుమంది. అందరూ బయటికి ఉరికారు. పాక ఊడ్చే దూలయ్య ఒక్కడే లోపలికి ఉరికి బైబిలు తెచ్చాడు. అతను కోయవాడు, బాప్తిస్మం తీసుకోనివాడు. అదే చాలింది. "గీడే పెట్టిండు!" అని ఎవరో అరిచారు. చెట్టుకు కట్టి కొట్టారు. తాడు బిగించింది నేను. దూలయ్య నన్ను చూశాడు, ఏమీ అనలేదు. ఆ వారమే ఊరు విడిచాడు.

తర్వాతి ఆదివారం పాస్టరు యెషయా ప్రవక్త మాటలు బోధించాడు. పరుల నేరానికి దెబ్బలు తిన్న నిర్దోషి గురించి, నోరు తెరవని గొర్రెపిల్ల గురించి. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది నేనే. నా పాపం ఇద్దరు మోశారు. ఒకరికి, సిలువ మీది ఆయనకు, వారం వారం స్తోత్రం చెప్పాను. రెండో మనిషి బస్సులో కనబడితే తల తిప్పుకున్నాను.

పోయిన నెల పర్ణశాల వెళ్లి, అక్కడ పడవ నడుపుతున్న దూలయ్య ముందు ఒప్పుకున్నాను.

"నాకెరుకే. బీడీ నీ చేతుల సూసిన" అన్నాడు.

మరి అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే ఎవలు ఇంటుండె?"

ఇరవై రెండేళ్లుగా నేను అలాంటి మౌనాన్ని సాత్వికమని బోధిస్తున్నాను. ప్రవక్త తప్పేమీ లేదు. ఆ అధ్యాయంలో మాట్లాడేది దెబ్బలు తిన్నవాడు కాదు, చూస్తూ నిలబడ్డవాళ్లు. పొరబడ్డామని వాళ్లే ఒప్పుకుంటారు. మేం ఆ ముక్క దాటేసి నేరుగా స్తోత్రాలకు వెళ్లిపోయాం.

4. ఇక్కడిదాకా రాసింది చదివి వినిపిస్తే దూలయ్య అన్నాడు: "భూమి తీసుకుంట. కానీ నువ్వు సచ్చినంక సదివితే నీ మొకం నేనెట్ల సూడాలె?"

న్యాయమే. కనుక దీన్ని అమలు చేయవలసిన నా కూతురు అక్సా నా చావుదాకా ఆగనక్కరలేదు. వచ్చే ఆదివారం మందిరంలో మూడో అంశం నేనే నిలబడి చదువుతాను. పాస్టరు గారి ప్రసంగం ఉండదు. నా తర్వాత మాట్లాడేది దూలయ్య. ఎంతసేపైనా సరే, ఎవరూ లేవకూడదు.

ఇప్పగుంపు, 14 ఆగస్టు 2008
(సంతకం) బెంజమిన్

సాక్షులు:
లచ్చిరాం, రిటైర్డ్ బస్సు కండక్టరు
జంపక్క, అంగన్‌వాడీ టీచరు