చిన్న రెక్క లేని చేప

చిరంజీవి శశికిరణ్‌గారికి,

నిన్న కృతిని మీ ఇంటి దగ్గర దింపి, లోపలికి రాకుండానే వెళ్ళిపోయాను. దాని కళ్ళు ఎందుకు వాచాయో ఫోన్‌లో చెప్పే సంగతి కాదు. అందుకే రాస్తున్నాను.

ఇద్దరం నదిలో చేపలు పడుతుంటే, మధ్యాహ్నానికి నా గాలానికి ఒక స్టీల్‌హెడ్ చేప పడింది. కృతి దాన్ని వలలోకి తీసి వీపు చూసింది. తోక దగ్గర ఉండాల్సిన చిన్న రెక్క లేదు.

"తాతా, హాచరీ ఫిష్! వైల్డ్ అయితేనే రిలీజ్ చేయాలి. దీన్ని కీప్ చేద్దాం" అంది.

నాకు మన వైదేహి గుర్తొచ్చింది. మూడేళ్ళ కిందట, చేపల్ని పెంచి నదిలోకి వదిలే హాచరీలో, పిల్లచేపలకు గుర్తుగా ఆ రెక్కలు కత్తిరించిన వాళ్ళలో అదీ ఉంది. ఆ చేపలు సముద్రం నుంచి తిరిగొచ్చే కాలం ఇదే. నేను గాలం విప్పి చేపను నీళ్ళలోకి వదిలేశాను.

"ఎందుకు వదిలావ్? ఇవి వైల్డ్ ఫిష్‌తో కలిస్తే ఆ వైల్డ్ వాటికి నష్టమని అమ్మ చెప్పింది కదా!" అని కృతి అరిచింది.

"మీ అమ్మ చెయ్యి తగిలిన చేపేమోనమ్మా" అన్నాను.

పిల్ల ఒడ్డునే కూలబడింది. తల్లి పోయిన పది నెలల్లో ఒక్కసారీ ఏడవని పిల్ల, గంటసేపు నన్ను పట్టుకుని ఏడ్చింది.

దాన్నేమీ అడక్కండి. తప్పు నాదే. వైదేహి ఉంటే నన్ను బాగా తిట్టేది. తిట్టడానికైనా ఉంటే బాగుండేది.

మీ మావయ్య