పట్టు లేకపోయినా ఊడని ప్రోటీన్

మంగళవారం, శ్రీకాకుళం

పళ్ళ ఈగ పిండంలో గుండె కట్టేది మూడు ప్రోటీన్లు కలిసి. డీఎన్ఏ మీద వాటిలో ఒకటి పట్టుకునే చోటు చెరిపేశాను. ఊడిపోవాలి కదా! ఇవాళ చూస్తే అక్కడే ఉంది. నేనే ఏదో తప్పు చేశాననుకుని పీహెచ్‌డీ గైడుకి చెప్పలేదు.

సాయంత్రం బస్సులో పైన కమ్మీ అందలేదు. ఊడ్పుల నుంచి వస్తున్న ఇద్దరు ఆడవాళ్ళ మధ్య ఇరుక్కున్నాను. బ్రేకు పడగానే, "పడిపోతాను పిన్నీ!" అని అరిచాను.

"మేం ఒగ్గేస్తే కదేటమ్మా పడిపోడానికి!" అంటూ ఇద్దరూ చెరో రెక్కా పట్టుకున్నారు.

అప్పట్నుంచీ ఒకటే ఆలోచన. ఆ ప్రోటీన్‌నీ మిగతా రెండే పట్టుకుని ఉన్నాయా? వాటిని తీసేసి చూస్తేగానీ తెలియదు. తీసేస్తే, చూడ్డానికి అక్కడ గుండే ఉండదు...