సుహాసిని పేరు ఎదుట వ్రాసిన మాట

పుంగనూరు,
3-6-1946.

శ్రీయుత డివిజనల్ మేజిస్ట్రేటు దొరవారి సముఖమునకు, పుంగనూరు పశువుల ఆసుపత్రి కాంపౌండరు శాంతిరాజు వ్రాసికొన్న అర్జీ.

అయ్యా,

విషయం: చినపట్టపుపాళెం ఉప్పుటేటిలో 12-2-1946వ తేదీన మునిగిపోయిన నా కుమార్తె సుహాసిని, వయస్సు 17, పేరు ఎదుట అచ్చటి పోలీసు రిజిస్టరులో వ్రాసిన 'పరారీ' అను మాటను కొట్టివేయించుట గురించి.

1. నా కుమార్తె మదనపల్లెలో మిషను వారి ఆడపిల్లల ట్రైనింగు బడిలో చదువుచుండెను. ఫిబ్రవరి మాసములో ఉపాధ్యాయిని కృపావతమ్మగారు ఈతయు, పడవ నడుపుటయు నేర్పుటకై పన్నెండుమంది పిల్లలను నాలుగు దినములు ఆ ఉప్పుటేటి యొడ్డుకు తీసికొనిపోయిరి. అనుమతి కాగితము మీద నేనే సంతకము చేసితిని. ఆ పిల్లలలో అంతకుముందు సముద్రమును చూచినవారు ఒక్కరును లేరు. ఈత వచ్చినది నా కుమార్తెకు మాత్రమే. సదుంలో మా బావమరిది మోటబావిలో, దానికి తొమ్మిదవ ఏట, నడుముకు తాడు కట్టి నేర్పినది నేనే.

2. చేరిన మరుసటి దినము అది వ్రాసిన కార్డు, అది పోయిన నాలుగవ దినమున పుంగనూరులో మా ఇంటికి చేరినది. అసలు కార్డును మా ఇంటిది ఇయ్యనందున నకలు మాత్రము వ్రాయుచున్నాను: "నాయనా, ఈడ ఏరు సముద్రంలోకి పోవడమే కాదు, సముద్రమే ఏట్లోకి వస్తాది. దినానికి రెండు తూర్లు వస్తాది, రెండు తూర్లు పోతాది. అమ్మకు సెప్తే నమ్మదు. అంత నీళ్లు సూస్తా ఉంటే మన ఊరి ఆవులన్నీ గుర్తుకొస్తాండాయి. ఉప్పు నీళ్లంట, తాగవంట. వొచ్చే తూరి మీ ఇద్దరినీ పిల్చుకొస్తా."

3. 12వ తేదీ పగలు పదకొండు గంటలకు, ఏటి నీరు సముద్రములోనికి లాగు వేళ, ముగ్గురు పిల్లలున్న పడవ ఏరు సముద్రములో కలియు చోటికి కొట్టుకొనిపోయి బోర్లపడినది. ఒడ్డున ఉన్న నా కుమార్తె ఎవరును చెప్పకమునుపే దుమికినది. ఒక పిల్లను ఇసుక మేట మీదికి చేర్చినది. మరల పోయి రెండవ పిల్లను చేర్చినది. అప్పుడది ఉప్పునీరు కక్కుచు కూర్చుండిపోగా, కృపావతమ్మగారు చేయి పట్టుకొని, "సాలు సుహాసినీ, పడవాయన వస్తాండాడు" అనిరట. అది, "వదలండమ్మా, ఇంకొక పాప ఉండాది" అని చేయి విడిపించుకొని పోయినదట. పడవ నడుపు లక్ష్మయ్య తాడు విసరగా, దానిని ఆ మూడవ పిల్ల చేతికి అందించినది నా కుమార్తెయే. లక్ష్మయ్య పిల్లను పైకి లాగి తిరిగి చూచునప్పటికి నీటి మీద ఎవరును లేరు.

4. తంతి అందిన వెంటనే బయలుదేరి నేనును ఆ స్థలమునకు పోయితిని. తెల్లని ఇసుక, సర్వి చెట్ల తోపు, అద్దము వలె నిలిచిన నీరు. చాల అందమైన స్థలము. అందుకు కూడ నాకు కడుపు మండినది. లక్ష్మయ్య మూడు దినములు వల లాగి, నాలుగవ దినము నా యెదుట చేతులు కట్టుకొని నిలువబడి, "అయ్యా, ఆడ పోయినోళ్లని సముద్రం తిరిగి ఇయ్యదు" అని ఏడ్చినాడు. నేను ఏడ్వలేదు. స్టేషనుకు పోయితిని.

5. స్టేషను అధికారి నన్ను కూర్చుండుమని, "శవం ఏది?" అని అడిగినారు. దొరకలేదంటిని. "అమ్మాయికి ఈత వచ్చా?" అనినారు. వచ్చునంటిని. "పెళ్లి కుదిర్చారా?" అనినారు. లేదంటిని. "ఈత వచ్చిన పిల్ల మునగడం ఏమిటయ్యా? అవతలి ఒడ్డు ఎక్కి ఎవరితోనో పోయి ఉంటుంది" అని రిజిస్టరులో 'పరారీ' అని వ్రాసినారు. ఆ ముగ్గురు పిల్లల వాఙ్మూలము తీసికొమ్మని ప్రాధేయపడితిని. "చిన్న పిల్లలు, భయంలో ఏం చూశారో" అని పుస్తకము మూసినారు.

నేను ఈత నేర్పకపోయియుండిన నా బిడ్డ ఒడ్డుననే ఉండెడిది. నేర్పినందున బిడ్డయు పోయినది, పేరును పోయినది.

6. పుంగనూరులో మా పాదిరిగారు జ్ఞాపకార్థ ఆరాధన జరుపుటకు వెనుదీయుచున్నారు. "బతికుండాదని సర్కారు రాసిన మనిషికి చావు ప్రార్థన ఎట్ల సేసేది, శాంతిరాజూ?" అనుచున్నారు. ఆయనను తప్పుపట్టజాలను. వీధిలో ఒకామె నా భార్య మణెమ్మతో, "మీ పాప మద్రాసులో జట్కాలో పోతాంటే మా మరిది సూసినాడంట" అని చెప్పినది. ఆ దినము మణెమ్మ పాప చీరలు రెండు మూట కట్టుకొని, మద్రాసు పోవుటకని పలమనేరు బస్సు ఎక్కినది. నేను పరుగున పోయి దింపుకొని వచ్చితిని. "నీకు యాల అంత తొందర దాన్ని సంపేసేదానికి?" అని ఆమె నన్నడిగినది. అప్పటినుండి మా ఇంట మాటలు లేవు.

కావున తాము కృపావతమ్మగారిని, లక్ష్మయ్యను, ఆ ముగ్గురు పిల్లలను స్వయముగా విచారించి, 'పరారీ' అను మాటను కొట్టివేయించి, 'తోటి పిల్లలను కాపాడుచు మునిగి చనిపోయినది' అని వ్రాయించ వేడుకొనుచున్నాను. ఇందు ప్రతి అక్షరము కన్నతండ్రి చేవ్రాలుగా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
శాంతిరాజు

మరొక్క మనవి: పైదంతా రాసి సంతకం పెట్టి మణెమ్మకు చదివి వినిపించినాను. కవరు అంటించబోయి మళ్లీ కాగితం బయటికి తీసినాను. దొరవారూ, ఒకవేళ ఆ స్టేషను వారు రాసిందే నిజమైతే, పాప అవతలి ఒడ్డు ఎక్కి యాడన్నా ఉంటే, ఈ అర్జీ చించేయండి. ఎవరితో పోయినా సరే. మీ మనుషులకు కనిపిస్తే, మీ నాయన ఒక్క మాట కూడా అనడంట, ఇంటికి రమ్మన్నాడు అని చెప్పించండి.