ముప్ఫై మూడు కోట్ల పైచిలుకు

ఫిబ్రవరి 3, మంగళవారం

హెడ్‌మాస్టారి పదవీ విరమణ సంచికకి ఆయన రాసిన వ్యాసం స్టాఫ్ రూమ్ టేబుల్ మీద కనపడింది. చదివితే... నా లెక్క! 31, 331, 3331 — ముందొక మూడు చేర్చుకుంటూ పోతే 33333331 దాకా ఏడూ ప్రధాన సంఖ్యలే. ఆ ఏడోదాన్ని 5,773 దాకా ఒక్కో ప్రధాన సంఖ్యతోనూ భాగించింది నేను. రోజూ సఖినేటిపల్లి నుంచి నరసాపురం పంటు మీద గోదావరి దాటుతూ, ఏడు వందల పైచిలుకు భాగహారాలు, రెండేళ్లు. చూసిస్తానని నోట్‌బుక్ పట్టుకెళ్లాడు. ఇప్పుడు పైన ఆయన పేరు — "వెంకటాచలం గొలుసు".

ప్రధానోపాధ్యాయుడు కదా, ప్రధాన సంఖ్యలన్నీ ఆయనవే కాబోలు.

ఫిబ్రవరి 4, బుధవారం

ఎనిమిదోది సొంతంగా కలిపాడు. 333333331. ఒకటే మురిపెం — "ముప్ఫై మూడు కోట్ల దేవతలమ్మా విశాలా! దీన్నెవడు విడదీస్తాడు?"

భాగించి చూశారా అండీ అన్నాను.

"పదమూడు దాకా చూశాను. వరస తెలుస్తూనే ఉంది కదమ్మా..."

ఫిబ్రవరి 5, గురువారం

పంటు మీద, నది మధ్యలో దొరికింది. పదమూడు తర్వాతదే — పదిహేడు. 17 × 19607843. శేషం సున్నా. పైకే నవ్వేశాను. పక్కన చేపల గంపావిడ — "ఏంటమ్మా, అంత నవ్వొచ్చింది?"

పదిహేడో ఎక్కం రాని పిల్లల్ని ఎండలో నిలబెట్టిన మనిషి.

ఫిబ్రవరి 6

చెప్పను.

ఫిబ్రవరి 9, సోమవారం

ప్రూఫులు నాకే ఇచ్చాడు. "అచ్చుతప్పులు చూసిపెట్టమ్మా." కొమ్ములు, దీర్ఘాలు దిద్దాను. ఆ సంఖ్యలో మూళ్లు లెక్కపెట్టాను — ఎనిమిది, చివర ఒకటి. సరిగ్గానే ఉన్నాయి. సంతకం పెట్టి ఇచ్చేశాను.

శనివారం సభలో శాలువా కప్పనీ. అప్పుడు లేచి, బోర్డు మీద, అందరి ముందూ భాగించి చూపిస్తాను. తల ఎత్తుకోలేకుండా చేస్తాను.

ఫిబ్రవరి 14, శనివారం

శాలువా కప్పారు. పూతరేకులతో పాటు సంచికలు పంచారు. నేను లేవబోతుంటే మైకులో ఆయన — "ఈ లెక్కలో నాకు తోడొకరున్నారు. పేరు వెయ్యకపోతే పాపం. లే అమ్మా విశాలా!"

పేజీ తిప్పాను. వ్యాసం చివర కొత్త వరస. నేను సంతకం పెట్టాక చేర్పించాడు. "ఎనిమిది సంఖ్యలనూ భాగించి సరిచూసినవారు: శ్రీమతి విశాల, గణిత ఉపాధ్యాయిని."

చప్పట్లు. లేచాను. దణ్ణం పెట్టి కూర్చున్నాను.

ఆయన కళ్లు చెమ్మగా ఉన్నాయి. ప్రేమేనా? ఏమో...

ఫిబ్రవరి 15, ఆదివారం

తుని నుంచి ఎవరో లెక్కల లెక్చరర్ మెసేజ్. "విశాల గారూ, మీరు సరిచూసిన ఎనిమిదో సంఖ్య పదిహేడుతో పోతోందండి. పొరపాటు మీదా, మాస్టారిదా?"

మాస్టారిది — టైపు చేశాను, చెరిపేశాను. నాది — అదీ చెరిపేశాను.

అసలు పొరపాటే కాదని ఆ లెక్చరర్‌కెలా చెప్పను...