మొహం కనిపించని జీడి రైతు

నర్సీపట్నం,
జనవరి 21

చిరంజీవి సౌభాగ్యవతి సాయిలక్ష్మిని అన్నయ్య జగదీశ్వరరావు కంగారుగానే ఆశీర్వదించి రాస్తున్నది.

ఫోనుండగా ఉత్తరం ఏమిటా అనుకోకు. మన మాటలన్నీ ఫోను వింటోందని మొన్న టీవీలో గంటసేపు చెప్పారు. అప్పటికప్పుడు దాన్ని ఆపేసి, గుడ్డలో చుట్టి, బియ్యం డబ్బాలో పెట్టేశాను. మీ వదిన వరహాలక్ష్మి అన్నం వండటానికి మూత తీసినప్పుడల్లా నేను నోరు మూసుకుంటున్నాను.

అసలు సంగతికొస్తాను. ముప్పై ఏళ్లు కండక్టరుగా చేశాను. చింతపల్లి ఘాట్‌లో పొగమంచుకి రోడ్డు కనపడని రోజుల్లో కూడా నిబ్బరంగా టిక్కెట్లు కొట్టాను. ఇంత భయం ఎప్పుడూ పడలేదు. నిన్న టీవీలో ఎర్రక్షరాలతో “జీడి రైతుకు గండం?” అని వేశారు. పైగా ఢాం ఢాం అని మోత. ధర పాతాళానికి పోతుందట. మన రోలుగుంట తోట ఇప్పుడే పూత మీద ఉంది. పిక్కలు రాలేదాకా ఆగితే కొనేవాడే ఉండడు. పూత మీదే జీడి వ్యాపారి కోటవురట్ల కొండన్నకి పంట ఇచ్చేద్దాం. నువ్వు ఊఁ అంటే చాలు.

ఇట్లు,
నిద్ర లేని నీ అన్నయ్య

తా.క. కార్డు రాస్తే పోస్ట్‌మాన్ చదివేసి ఊరంతా చెబుతాడని, ధర ఇంకా పడుతుందని కవరు కొన్నాను.

* * *

యలమంచిలి,
జనవరి 25

అన్నయ్యకి సాయిలక్ష్మి ముందు నమస్కారం పెట్టి, ఆ తర్వాత తిడుతూ రాస్తున్నది.

నీకు మతి ఉందా? పూత మీద ఇస్తే సగం ధరే వస్తుందని నీకు నేను చెప్పాలా? ఈ ఏడు పంటలో నా వాటా దేనికో మర్చిపోయావా? పద్నాలుగేళ్లుగా అద్దెకున్న నా కుట్టు షాపు గది ఓనరు అమ్మేస్తున్నాడు. “నీకైతే మే నెలాఖరుదాకా ఆగుతానమ్మా, ఆ తర్వాత నా వల్ల కాదు” అన్నాడు. నా వాటాతో ఆ గది కొనుక్కోకపోతే నేనూ నా రెండు మిషన్లూ రోడ్డు మీద కూర్చోవాలి.

తోటలో పనిచేసే సోమలమ్మ నిన్న ఇటొచ్చి కనిపించి “కొమ్మ కనపడకుండా పూసీసిందమ్మా” అని మురిసిపోయింది. నువ్వు ఆ టీవీ కట్టేసి, బస్సెక్కి వెళ్లి కళ్లతో చూసి రాయి. అప్పటిదాకా ఎవరికీ మాట ఇవ్వకు.

నీ చెల్లెలు,
ఇంకా షాపులోనే కూర్చున్న సాయిలక్ష్మి

తా.క. “గండం?” అని వేశారంటే వాళ్లకీ తెలియక నిన్నే అడుగుతున్నారు. తెలియదని చెప్పి పడుకో.

* * *

నర్సీపట్నం,
జనవరి 31

సాయిలక్ష్మీ, ఆశీస్సులు. చెప్పులైనా విప్పకుండా రాస్తున్నాను, అక్షరాలు కూడబలుక్కుని చదువుకో.

నువ్వు చెప్పావని తోటకి బయల్దేరాను. చెప్పులు కూడా వేసుకున్నాను. ఈలోగా టీవీలో ఒక రైతుని చూపించారు. మన నర్సీపట్నం మనిషేనట. పరువు గలవాడు కాబోలు, మొహం మసక చేశారు, గొంతు కూడా మార్చారు. “ఇంకేటుంది బాబూ, మునిగిపోయాం” అని కళ్లు తుడుచుకున్నాడు. అదే ముక్క ఇరవైసార్లు వేశారు. ఇరవైసార్లూ ఏడ్చాను. మీ వదిన పెట్టిన ఉప్మా ముట్టలేదు.

ఆ గతి మనకి పట్టకూడదని ఆటో ఎక్కి తిన్నగా కోటవురట్ల వెళ్లాను. నీ వాటాతో సహా మొత్తం పంట పూత మీదే కొండన్నకి ఇచ్చేశాను. సగం ధర. ముప్పై వేలు అడ్వాన్సు తెచ్చాను. తిట్టకమ్మా, మనం గండం గట్టెక్కాం.

ఇట్లు,
ఊపిరి పీల్చుకుంటున్న అన్నయ్య

తా.క. ఆ టీవీ వాళ్లు మొన్న బస్టాండు దగ్గర నన్ను కూడా అడిగారు. చాలాసేపు మాట్లాడాను. నాది మాత్రం వెయ్యలేదు. మన మాట ఎవడికి కావాలి!

* * *

యలమంచిలి,
ఫిబ్రవరి 4

ఓరి దేవుడా! నమస్కారాలు తర్వాత అన్నయ్యా.

నీ ఉత్తరం చదివి నా చేతిలో కత్తెర జారిపోయింది. ఎవరిదో పట్టు జాకెట్టు ముక్క అడ్డంగా తెగింది. నా గది సగం ధరకి ఎగిరిపోయింది! ఇన్నేళ్లు నడుం విరిగేలా కుట్టింది ఇందుకేనా?

నా కొంప ముంచిన ఆ రైతెవడో చూద్దామని పక్క షాపు రోజారమణి ఫోనులో ఆ వీడియో పెట్టించుకున్నాను. చూశాను. నమ్మలేక మళ్లీ చూశాను. మొహం మసక చేశారు గానీ చొక్కా మసక చెయ్యలేదు. ఎడంచేతి వాటం మనిషని కుడివైపు జేబు పెట్టిన చొక్కా ఈ జిల్లాలో ఒకటే ఉంది. కుట్టింది నేను. తొడుక్కున్నది నువ్వు!

నిన్ను చూసి నువ్వే జడుసుకుని నా బతుకు అమ్మేశావా? అసలు వాళ్లతో ఏమన్నావు? వెంటనే వెళ్లి కొండన్న కాళ్లో గడ్డమో పట్టుకో.

ఇట్లు,
తెగిన జాకెట్టు ముక్క అతుకుతున్న సాయిలక్ష్మి

తా.క. నీకు తెలియలేదు సరే, ఇన్నేళ్లు కాపురం చేసిన వదినైనా గుర్తుపట్టలేదా?

* * *

నర్సీపట్నం,
ఫిబ్రవరి 10

సాయిలక్ష్మికి, తలెత్తుకోలేని అన్నయ్య ఆశీస్సులు.

చొక్కా తీసి చూసుకున్నాను. నువ్వన్నది నిజమే. “ధర పడిపోతే ఏటండీ మీ పరిస్థితి?” అని అడిగారు. “పడిపోతే ఇంకేటుంది బాబూ, మునిగిపోయాం” అన్నాను. “పడిపోతే” తీసేసి మిగతాది వేసుకున్నారు. ఆ కన్నీళ్లు అప్పుడే తిన్న మిరపకాయ బజ్జీవి. మీ వదినని అడిగితే “అంత బాగా మాటాడితే మీరని ఎలా అనుకుంటానండీ” అంది.

అదే చొక్కా తొడుక్కుని కొండన్న దగ్గరికి బయల్దేరబోతుంటే, కొండన్నే వచ్చి అరుగు మీద కూలబడ్డాడు. ఒకటే ఏడుపు. నా మొహానికి మసక వేశారు గానీ అతని మొహానికి లేదు కదమ్మా, చూడలేకపోయాను.

“కండక్టరుగారూ, టీవీలో ఆ రైతుని సూసినారా? అంత అనుభవం ఉన్నోడే మునిగిపోతే నేనేటైపోతానండీ? మీ పంట మీకే ఒగ్గేసినాను. అడ్వాన్సు కూడా ఒద్దు” అన్నాడు.

నోరు మూసుకుంటే నీ గది దక్కుతుంది, ముప్పై వేలూ మిగులుతాయి. కానీ ఎదురుగా మనిషి ఏడుస్తుంటే ఎలా? “ఆ రైతుని నేనేనయ్యా కొండన్నా” అన్నాను. నమ్మలేదు. జేబు చూపించాను. జాలిగా చూశాడు. “ఏదీ, ఓపాలి ఆ మాట అనండి” అన్నాడు. ప్రాణం పెట్టి అన్నాను. తల అడ్డంగా ఊపాడు.

“లేదండీ. ఆయన గొంతులో బాధుంది. నన్ను ఓదార్సడానికి సెప్తన్నారు. మీ మంచితనం నాకు తెల్దేటి? బేగి ఎల్లాలి, బస్సు పోద్ది” అని దండం పెట్టి వెళ్లిపోయాడు.

తర్వాతి బస్సులో వెళ్లి అడ్వాన్సు అతని భార్య చేతిలో పెట్టి వచ్చాను. “ఈ సంగతి ఆయనకి సెప్పకండి బాబూ, టీవీ సూసి మళ్లీ ఎవులికో ఇచ్చీగలడు” అంది. అటునుంచి రోలుగుంట వెళ్లి తోట కూడా చూశాను. సోమలమ్మ చెప్పింది తక్కువే. పంట మనదే, నీ గది నీదే. ఓనరుకి మాట ఇచ్చేయ్.

ఇట్లు,
నీ అన్నయ్య

తా.క. ఇదంతా రాసి టీవీ పెట్టాను. ఆ రైతుని ఇంకా వేస్తున్నారు. కొండన్న అన్నదీ నిజమేననిపిస్తోందమ్మా. నేనంత బాగా ఏడవలేను. పాపం, ఎవరై ఉంటాడంటావు?